డీజిల్ మోజు దిగితేనే రైతు జేబు నిలుస్తది



పత్తి అమ్మకాలు ఒడిసినయ్. మిర్చి పైసలు చేతికొస్తున్నయ్. ఈ టైంల ఏ ఊర్లె చూసినా ఒకటే ముచ్చట: "పాత బండి ఒకటి చూడాలె." మంచిదే. రైతు కారు ఎక్కితే ఓర్వనోళ్లు వేరే ఉన్నరు, ఆ గుంపుల నేను లేను. ముసలి తల్లిదండ్రులను దవాఖానకు తోల్కపోవాలె, పిల్లలను హాస్టల్ నుంచి తెచ్చుకోవాలె, ఇంటిల్లిపాది పెండ్లికి పోవాలె. మనకూ బండి అవసరమే. ఐదారు లక్షల్ల, నలుగురైదుగురు కూసునేటట్టు, మట్టి బాటకు కింద తగలకుండ కాస్త ఎత్తున్న చిన్న ఎస్‌యూవీ. మనోళ్లు అడిగేది కూడా అదే.

నా పంచాయితీ ఆ తర్వాతి మాట మీద. బండి పేరు చెప్పంగనే మొదటి ప్రశ్న: "డీజిలేనా?" పెట్రోల్ అని చెప్తే మొఖం అటు తిప్పుకుంటరు. "పెట్రోల్ బండి పట్నపోళ్లకు, మనకు డీజిలే కరెక్ట్" అని అరుగు మీద కూసున్న పెద్దమనిషి తీర్పు చెప్తడు. బండి అమ్మే కన్సల్టెన్సీ వాళ్లకు కావాల్సింది కూడా అదే తీర్పు. ఒకే ఏడాది, ఒకే మోడల్ బండికి డీజిల్ అనంగనే మన దిక్కు లక్ష ఎక్కువ చెప్తుండ్రు. మనం సంబరంగ కడుతున్నం.

నేను చెప్పేది ఒకటే. ఏడాదికి పది వేల కిలోమీటర్ల లోపు తిరిగే రైతు కుటుంబం పాత బండి కొంటే పెట్రోలే కొనాలె. డీజిల్ కోసం లక్ష ఎక్కువ పెట్టుడు అంటే పంట పైసలు బ్రోకర్ చేతుల పోసుడే. కోపం రావొచ్చు. కానీ లెక్క చూసినంక కోప్పడుండ్రి.

ముందు మనం ఎంత తిరుగుతం?

ఎవరినడిగినా "మస్తు తిరుగుతం" అంటరు. కాగితం మీద పెట్టరు. నేను పెడుత. మండలం పన్నెండు కిలోమీటర్లు అనుకుందాం. పోనురాను 24. వారానికి రెండుసార్లు పోతే ఏడాదికి దాదాపు 2,500. జిల్లా కేంద్రం పోనురాను 90, నెలకు మూడుసార్లు, ఏడాదికి 3,240. హైదరాబాద్ పోనురాను 300, ఏడాదికి నాలుగుసార్లు, 1,200. పెండ్లిళ్లు, యాదగిరిగుట్ట, వేములవాడ, చుట్టపక్కాలు అన్నీ కలిపి ఇంకో వెయ్యి. మొత్తం ఎనిమిది వేలు. మామూలు రైతు ఇంటి కారు ఇంతకన్నా పెద్దగ తిరగది. మిగతా దినాలు వాకిట్ల కవర్ కప్పుకొని నిలబడుతది, బాయికాడికి మనం బైక్ మీదనే పోతం.

ఇగ మైలేజీ లెక్క. 2024 మార్చిల రెండు రూపాయలు తగ్గించిన తర్వాత హైదరాబాద్‌ల లీటర్ పెట్రోల్ 107 రూపాయల చిల్లర, డీజిల్ 95 చిల్లర. ఇదే రేటు పట్టుకుందాం. మీ బంకుల ఎంతుంటే అంత వేసి మీరే మళ్లీ చేసుకోవచ్చు. పాత పెట్రోల్ ఎస్‌యూవీ 14 ఇస్తదనుకుందాం, డీజిల్ 18 ఇస్తదనుకుందాం. పెట్రోల్‌కు కిలోమీటర్‌కు 7 రూపాయల 68 పైసలు, డీజిల్‌కు 5 రూపాయల 32 పైసలు. తేడా 2 రూపాయల 36 పైసలు. ఎనిమిది వేల కిలోమీటర్లకు సుమారు 19 వేలు డీజిల్‌ల మిగులుతయ్. ఇది నిజం, నేను దాస్తలేను.

కానీ ఆ లక్ష యాడికెళ్లి వచ్చింది? రెండు రూపాయల వడ్డీకి తెచ్చినవనుకో. లక్షకు ఏడాదికి 24 వేలు వడ్డీ. 19 వేలు మిగిలించుకునేటందుకు 24 వేలు కడుతున్నవ్! అప్పు ఇచ్చినాయన కుర్చీల కూసొని నీ మైలేజీ తింటుండు. మైలేజీ అని మురిసిపోయేటోడు వడ్డీ దగ్గరికి వచ్చేసరికి లెక్క మరిచిపోతడు.

"నేను బ్యాంకుల తీసుకున్న, 12 శాతమే" అంటావా? అప్పుడు వడ్డీ 12 వేలు. ఏడు వేలు డీజిల్‌కే మిగులుతయ్. కానీ ఆ ఎక్కువ పెట్టిన లక్ష లక్షగనే ఉండది. ఐదేండ్లకు అమ్మితే అందుల సగం తిరిగొస్తే గొప్ప. అంటే ఏడాదికి పది వేలు అరుగుతది. ఏడు వేలు మిగిలి పది వేలు అరిగితే ఎవరు గెలిచినట్టు? చేతి పైసలతోనే కొంటే ఏడాదికి ఓ తొమ్మిది వేలు డీజిల్ దిక్కు ఉంటది. ఆ తొమ్మిది వేల కోసం ఏం రిస్క్ నెత్తిన పెట్టుకుంటున్నమో ఇప్పుడు చెప్త.

"డీజిల్ ఇంజన్ గట్టిది" అనే మాట

ఈ మాట మన తాతల కాలం ట్రాక్టర్లను, పాత జీపులను చూసి పుట్టింది. ఆ ఇంజన్లు నిజంగనే మొండివి. సుత్తి, పానా ఉంటే చెట్టు కింద రిపేర్ అయ్యేటియి. ఇప్పటి డీజిల్ కారు ఇంజన్ అది కాదు. ఇది కామన్ రైల్. వెయ్యి బార్‌కు మించిన ఒత్తిడితో సన్నటి రంధ్రాల నుంచి డీజిల్ కొడతది. కాస్త నీళ్లు, కాస్త మట్టి పోయినా ఇంజెక్టర్లు, పంపు ఖతం. దానికి టర్బో, ఈజీఆర్ వాల్వ్. కొన్ని బండ్లల్ల డ్యూయల్ మాస్ ఫ్లైవీల్. ఇవన్నీ పాతబడ్డంకనే పైసలు అడుగుతయ్, సెకండ్ హ్యాండ్ల మనం కొనేది కూడా పాతబడ్డంకనే.

ఇంకో మాట అంటరు: "ఇంట్ల ట్రాక్టర్‌కు డీజిల్ ఎట్లాగూ ఉంటది కదా, అండ్లకెళ్లే పోసుకోవచ్చు." క్యాన్‌ల, డ్రమ్ముల నెలల తరబడి నిలవ ఉన్న డీజిల్‌ను ట్రాక్టర్ ఓర్చుకుంటది. కామన్ రైల్ కారు ఓర్చుకోదు. నాలుగు ఇంజెక్టర్లు ఒక్కసారి పోతే రెండు మూడేండ్ల మైలేజీ ఆదా అంతా ఆ ఒక్క బిల్లుల కొట్టుకపోతది.

2020 ఏప్రిల్ 1 తర్వాత వచ్చిన బీఎస్6 డీజిల్ బండ్లకు డీపీఎఫ్ అని పొగగొట్టంల మసి ఫిల్టర్ ఉంటది. ఆ మసి కాలాలంటే బండి హైవే మీద వేడెక్కి కొంతసేపు ఆపకుండ పోవాలె. మనం చేసేదేంది? మండలం దాక పన్నెండు కిలోమీటర్లు, స్పీడ్ బ్రేకర్లు, బర్ల మందలు, వడ్లు ఆరబోసిన రోడ్లు. ఫిల్టర్ నిండుతది, లైటు వెలుగుతది, బండి సర్వీస్ సెంటర్‌కు పోతది. చిన్న చిన్న ట్రిప్పులు తిరిగేటోళ్లకు డీపీఎఫ్ ఉన్న డీజిల్ అస్సలు కుదరది. మారుతి వాళ్లు 2020 ఏప్రిల్‌కే డీజిల్ బంద్ పెట్టిండ్రు. చిన్న బండ్లల్ల బీఎస్6 డీజిల్ చేసుడు గిట్టుబాటు కాదని చేసేటోళ్లకే సమజైంది, కొనే మనకు ఎందుకు కాదు?

"పెట్రోల్ లాగదు" అంటరు. కింది ఆర్‌పీఎంల డీజిల్ బాగ లాగుతది, అది ఒప్పుకోవాలె. కానీ నీ కారు ఏం లాగాలె? ట్రాలీ లాగేటందుకు ట్రాక్టర్ ఉంది. బస్తాలు మోసేటందుకు ఆటో ట్రాలీ ఉంది. కారుల ఐదుగురు మనుషులు, రెండు సంచులు. 1.5 లీటర్ పెట్రోల్ ఇంజన్ ఘాట్ రోడ్డు మీద కూడా ఆ బరువు తీసుకపోతది, ఒక గేర్ తగ్గించుకోవాలె, అంతే. ఇంకోటి మరవొద్దు. ఈ చిన్న ఎస్‌యూవీలు దాదాపు అన్నీ ముందు చక్రాలతోని నడిచేటియే. వాన పడ్డంక నల్లరేగడిల దిగితే డీజిల్ అయినా పెట్రోల్ అయినా ట్రాక్టర్ పెట్టి గుంజాల్సిందే.

"అమ్మేటప్పుడు డీజిల్‌కే రేటు" అంటరు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అని మార్కెట్ల రోజూ చూసే మనమే ఈ మాట నమ్మితే ఎట్ల? కొనేటప్పుడు "డీజిల్ సార్, డిమాండ్ ఉంది" అన్న మనిషే, నువ్వు అమ్మపోతే "పాత డీజిల్ ఎవరు తీసుకుంటరు అన్నా" అంటడు.

ఒక పుకారు మాత్రం నేను వాడుకోను. "పదేండ్లు దాటిన డీజిల్ బండ్లు మన దగ్గర కూడా బంద్ చేస్తరు" అని తిరిగే మెసేజ్ నమ్మొద్దు. పదేండ్ల డీజిల్, పదిహేనేండ్ల పెట్రోల్ రూల్ ఢిల్లీ చుట్టుపక్కల ప్రాంతానిది. మన దగ్గర సొంత కారుకు పెట్రోల్ అయినా డీజిల్ అయినా ఆర్సీ పదిహేనేండ్లు, ఆ తర్వాత ఫిట్‌నెస్ చూయించుకొని ఐదేండ్లకోసారి పొడిగించుకోవాలె.

ఏడాదికి ఇరవై వేలు దాటి తిరిగేటోళ్లు, ఊర్లు పట్టుకొని వ్యాపారం చేసేటోళ్లు డీజిలే కొనుండ్రి. మీకు లెక్క కుదురుతది. మీకు కుదిరింది కదా అని ఎనిమిది వేలు తిరిగేటోనికి సలహా ఇయ్యకుండ్రి.

మరి పెట్రోల్‌ల కష్టం లేదా?

ఉంది. పేరు ఇథనాల్. ఇప్పుడు బంకుల పోసేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్. మన మక్కలు, నూకలు, చెరుకు నుంచి తీసిందే. ఇథనాల్‌ల శక్తి పెట్రోల్ కన్నా మూడో వంతు తక్కువ, అందుకే మైలేజీ తగ్గుతది. దానికి సెట్ చేసిన బండికి 1–2 శాతం, మిగతా వాటికి 3–6 శాతం తగ్గుతదని పెట్రోలియం శాఖనే చెప్పింది. సరే, ఇంకా ఎక్కువనే పట్టుకుందాం. 14 కాదు, 13 ఇస్తదనుకోండ్రి. అప్పుడు ఎనిమిది వేల కిలోమీటర్లకు తేడా 23,600. రెండు రూపాయల వడ్డీ 24 వేలు. అప్పటికీ లెక్క తిరగబడలే.

కానీ బండి ఏడాది చూసుకోవాలె. 2023 ఏప్రిల్ నుంచి తయారైన బండ్లల్ల పైపులు, సీళ్లు ఈ ఇంధనానికి తట్టుకునేటట్టు పెట్టిండ్రు. అంతకన్నా ముందుది కొంటే పెట్రోల్ పైపులు, రబ్బర్లు మెకానిక్‌కు చూయించి, పగుళ్లుంటే మార్పియ్యాలె. ఇథనాల్ తేమను గుంజుకుంటది, అందుకని వాకిట్ల నెల రోజులు నిలబెట్టే బండిల అడుగంటిన ట్యాంకు ఉంచొద్దు. ఎలుకల సంగతి మీకు చెప్పేదేముంది. వడ్ల బస్తాల పక్కన కారు పెడితే వైరింగ్ కొరుకుతయ్, వారానికోసారి బానెట్ లేపి చూడాలె.

ఏది చూడాలె?

నా సూత్రం సాదా. టర్బో లేని పెట్రోల్, మాన్యువల్ గేర్, ఊరి మెకానిక్ చెయ్యి తిరిగిన ఇంజన్. సన్‌రూఫ్, ఆటోమేటిక్, టాప్ మోడల్ అని ఎగబడొద్దు. పాత బండిల ఎన్ని ఎక్కువ సోకులుంటే అన్ని ఎక్కువ రిపేర్లు.

2020 ఫిబ్రవరి తర్వాత వచ్చిన విటారా బ్రెజా పెట్రోల్‌ల 1,462 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజన్, టర్బో లేదు. అదే ఇంజన్ ఎర్టిగాలు, సియాజ్‌లల్ల కూడా ఉంది కాబట్టి సామాన్లు, మెకానిక్‌లు ప్రతి పట్నంల దొరుకుతరు. హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్‌ల 1.2 పెట్రోల్ కూడా టర్బో లేనిదే. ఊర్లె తిరిగేటందుకు సరిపోతది, నిండా మందితోని ఘాట్ ఎక్కితే జర ఆయాసం. టాటా నెక్సాన్, మహీంద్రా ఎక్స్‌యూవీ300 పెట్రోల్‌ల టర్బో ఉంటది, అయినా క్రాష్ టెస్టుల గ్లోబల్ ఎన్‌క్యాప్ వాళ్లు రెండింటికీ ఐదు స్టార్లు ఇచ్చిండ్రు. బ్రెజాకు 2018ల నాలుగు వచ్చినయ్. ఇంటిల్లిపాది ఎక్కే బండి కాబట్టి ఇది కూడా తూకంల పెట్టాలె. టర్బో బండి తీసుకుంటే సర్వీస్ రికార్డు పూర్తిగ ఉంటేనే తీసుకోవాలె, ఆయిల్ టైంకు మార్చనిది ముట్టొద్దు.

ఏ కంపెనీ అయినా సరే, 2019 జులైకి ముందుది తక్కువకు వస్తుందని ఉరకొద్దు. కొత్త కార్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్, జులై నుంచి డ్రైవర్ ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయినయ్. పక్క సీటు ఎయిర్‌బ్యాగ్ 2021 నుంచి. పాత చిన్న మోడల్ అయితే ఎయిర్‌బ్యాగులు ఉన్నయా లేవా అని నోరు తెరిచి అడుగుండ్రి.

రేటు దగ్గర ఇంకో మోసం నడుస్తున్నది. 2025 సెప్టెంబర్ 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1,200 సీసీ లోపు పెట్రోల్ కార్లకు జీఎస్టీ 18 శాతం అయింది. అంతకుముందు 28, దాని మీద సెస్సు. అంటే కొత్త బండి రేటే దిగింది. నిస్సాన్ మాగ్నైట్, రెనో కైగర్ లాంటివి ఆరు లక్షల లోపు షోరూం ధరకే మొదలైనయ్. కన్సల్టెన్సీ వాళ్లు మాత్రం పాత బిల్లు చూయించి "అప్పట్ల తొమ్మిది లక్షల బండి సార్, మీకోసం ఆరుకే" అంటుండ్రు. అప్పటి రేటు మనకెందుకు? ఈ రోజు అదే బండి కొత్తది ఎంతకు వస్తదో షోరూంల ఫోన్ చేసి అడిగి, అక్కడి నుంచి కిందికి బేరం చేయాలె. ఐదేండ్ల బండి కొత్త బండి రేటుకు దగ్గర్ల ఉంటే దండం పెట్టి లేచిరా.

చూసేటప్పుడు

పొద్దుగాల్నే పోవాలె, ఇంజన్ చల్లగ ఉన్నప్పుడు. బానెట్ మీద చెయ్యి పెట్టు, వేడిగ ఉంటే నువ్వు వచ్చే ముందే స్టార్ట్ చేసి ఏదో దాస్తుండ్రు. నీలం పొగ వస్తే ఆయిల్ తాగుతున్నట్టు. తెల్ల పొగ ఆగకుండ వచ్చి, కూలెంట్ తగ్గుతుంటే హెడ్ గ్యాస్కెట్ అనుమానం. తాళం తిప్పంగనే ఇంజన్ లైటు వెలిగి, స్టార్ట్ అయినంక ఆరాలె. అసలు వెలగకపోతే దాన్ని పీకేసిండ్రని అర్థం. రీడింగ్ నలభై వేలు చూయించి, పెడల్ రబ్బర్లు అరిగి నున్నగ ఉంటే ఆ రీడింగ్ తిప్పిందే. డిక్కీల ఫ్లోర్‌కు బోల్టు రంధ్రాలు ఉంటే గ్యాస్ కిట్ పెట్టి తీసిండ్రేమో చూడాలె.

వరద బండ్లు ఇంకా పెద్ద ప్రమాదం. 2020 అక్టోబర్‌ల హైదరాబాద్, 2023 డిసెంబర్‌ల చెన్నై, 2024 సెప్టెంబర్‌ల బుడమేరు పొంగి విజయవాడ. ఎన్ని కార్లు మునిగినయో టీవీల చూసినం. అవన్నీ తుక్కు కింద పోలేదు. సీటు బెల్టు చివరిదాక గుంజి చూడు, బురద చార కనిపిస్తది. స్టెప్నీ కింది గుంట, సీటు పట్టాల బోల్టుల తుప్పు, కార్పెట్ కింద ముక్క వాసన చూసుకోవాలె. నీళ్లల్ల మునిగిన బండి వైరింగ్ ఏడాది తర్వాత ప్రాణం తీస్తది.

కాగితాలు

మన ఊర్లల్ల అసలైన కొంపలు మునిగేది ఇక్కడనే. "ఫైనాన్స్ కంటిన్యూ" అని ఒక పద్ధతి. పాత ఓనర్ పేరు మీద అప్పు అట్లనే ఉంటది, నువ్వు చేతికి లక్షన్నర ఇచ్చి బండి తెచ్చుకొని నెలనెలా కిస్తీ కడుతవ్. కాగితం మీద ఆ బండి నీది కాదు. ఆయనకు వేరే అప్పు ఉండి బ్యాంకు బండి గుంజుకపోతే నీ దగ్గర చూయించేటందుకు ఏముంటది? పంట పైసలు, కట్టిన కిస్తీలు, బండి అన్నీ పోతయ్. అప్పు తీరినట్టు బ్యాంకు ఎన్‌వోసీ, ఫారం 35 చేతికి రానిది పూర్తి పైసలు ఇయ్యొద్దు.

ఫారం 29, 30 మీద సంతకాలు తీసుకొని "తర్వాత చూద్దాం" అని ఆర్సీ మార్చుకోకుండ తిప్పుడు ఇంకో రోగం. అమ్మిన అన్నకు కూడా చెప్తున్న, ఆర్సీ నీ పేరు మీద ఉన్నన్ని రోజులు యాక్సిడెంట్ అయితే నష్టపరిహారం కేసుల ఓనర్ నువ్వే. 2018ల సుప్రీంకోర్టు నవీన్ కుమార్ కేసుల ఇదే తేల్చింది. కొన్నోడు పద్నాలుగు రోజుల్ల ఇన్సూరెన్స్ తన పేరు మీదికి మార్చుకోవాలె, లేకుంటే సొంత బండి డ్యామేజీ క్లెయిమ్ రాదు. పాత ఓనర్ నో క్లెయిమ్ బోనస్ బండితోని రాదు, అది మనిషిది.

ఢిల్లీ బండ్లు చవుకగ వస్తున్నయని లారీల మీద దింపుతుండ్రు. అక్కడి ఎన్‌వోసీ, ఇక్కడ మళ్లీ లైఫ్ ట్యాక్స్, కొత్త నంబర్. ఇవన్నీ కలిపి లెక్క కట్టినంకనే చవుకా కాదా చెప్పు. బయట రాష్ట్రం నంబర్ మీద పన్నెండు నెలలు దాటి తిప్పుడు చట్టం ఒప్పుకోదు.

చివరికొక మాట

మార్కెట్ల మన మిర్చిని వేలితోని విరిచి, తేమ చూసి, తాలు ఏరి, కిలోకు ఇంత కోస్తరు. ఏనుమాములకు పోయినోళ్లకు చెప్పక్కర్లేదు. ఆ కోతలు ఓర్చుకొని తెచ్చుకున్న పైసలు ఇవి. కొనేకాడ మాత్రం మనం రంగు చూసి, టైర్ల ఎత్తు చూసి, "డీజిలే కదా" అని బయానా ఇచ్చి వస్తున్నం. మన సరుకును వాళ్లు ఎట్ల చూస్తరో, వాళ్ల సరుకును మనం అట్ల చూడాలె.

బయానా ఇచ్చే ముందు ఒక్క రాత్రి ఆగుండ్రి. ఇంట్ల ఆడోళ్లను కూసోబెట్టుకొని, ఏడాదికి ఎన్ని కిలోమీటర్లు తిరుగుతమో, ఆ ఎక్కువ లక్ష ఎవరి దగ్గర ఎంత వడ్డీకి తెస్తున్నమో పిల్లగాని నోట్‌బుక్కుల రాయుండ్రి. రాసినంక కూడా డీజిలే అనిపిస్తే కొనుండ్రి, నేను అడ్డం రాను. రాయకుండ కొనేటోనికే నా పోస్టు.